మేరీ బ్రయంట్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మేరీ బ్రయంట్ కథ ఎవరికి చెప్పినా దాదాపు ఇవే ప్రశ్నలు వస్తాయి. కొన్ని కుతూహలంతో అడిగేవి, కొన్ని అపనమ్మకంతో అడిగేవి. అన్నిటికీ ఒకచోట జవాబులు రాస్తే మేలనిపించింది. ఎక్కువ చెప్పవలసిన చోట ఎక్కువే రాశాను, లేని చోట ఊరికే సాగదీయలేదు.

ఎవరీ మేరీ బ్రయంట్?

ఇంగ్లండుకు నైరుతి కొసన కార్న్‌వాల్ అనే ప్రాంతం ఉంది. అక్కడ ఫోయ్ అనే చిన్న రేవు ఊళ్లో, సముద్రాన్ని నమ్ముకుని బతికే ఇంట్లో పుట్టింది. బాప్తిస్మం జరిగింది 1765 మే 1న. పుట్టింటి పేరు మేరీ బ్రాడ్. ఇరవై ఏళ్లు దాటుతుండగా దొంగతనం కేసులో పట్టుబడి, ద్వీపాంతరవాస శిక్ష పడి, ఆస్ట్రేలియాకు ఖైదీలను తీసుకెళ్లిన మొట్టమొదటి నౌకాదళంలో సిడ్నీ చేరింది. మూడేళ్ల తర్వాత భర్తతో, ఇద్దరు పసిపిల్లలతో, మరో ఏడుగురు మగ ఖైదీలతో కలిసి తెరచాప పడవలో పారిపోయింది. ఐదు వేల కిలోమీటర్లకు పైగా సముద్రం దాటారు. ఆ పిల్లల్లో ఎవరూ బతికి ఇంగ్లండు చేరలేదు. ఆమె చేరింది.

ఒక టోపీ దొంగిలించినందుకు ఉరిశిక్ష వేశారట, నిజమేనా?

శిక్ష నిజమే. నేరం మాత్రం ఒక్క టోపీ కాదు. ప్లిమత్ దగ్గర మరో ఇద్దరు ఆడవాళ్లతో కలిసి ఆగ్నెస్ లేక్‌మన్ అనే స్త్రీని దారిలో అటకాయించి, కొట్టి, ఆమె పట్టు టోపీతో పాటు 11 పౌండ్ల 11 షిల్లింగుల విలువ చేసే వస్తువులు లాక్కున్నారని అభియోగం. 1786 మార్చిలో ఎక్సెటర్ కోర్టు ముగ్గురికీ ఉరిశిక్ష వేసింది. దారిదోపిడీకి అప్పటి ఇంగ్లండులో అదే శిక్ష. తర్వాత దాన్ని ఏడేళ్ల ద్వీపాంతరవాసంగా మార్చారు.

"పాపం, టోపీ కోసం" అని కథ చెప్పేవాళ్లు మిగతాది మింగేస్తారు. అలా మింగాల్సిన పనేమీ లేదు. దెబ్బలు తిన్న లేక్‌మన్‌కూ తన బాధ తనకుంటుంది. దోపిడీ చేసిన మనిషి మీద కూడా మనకు జాలి కలగవచ్చు.

ఆస్ట్రేలియాకే ఎందుకు పంపారు?

అంతకుముందు బ్రిటన్ తన ఖైదీలను అమెరికాకు పంపేది. 1775లో అక్కడ స్వాతంత్ర్య యుద్ధం మొదలయ్యేసరికి ఆ దారి మూసుకుపోయింది. జైళ్లు కిక్కిరిశాయి. పనికిరాని పాత ఓడలను నదుల్లో, రేవుల్లో లంగరు వేసి వాటినే జైళ్లుగా వాడారు. మేరీని ఉంచిన 'డంకర్క్' అలాంటిదే, ప్లిమత్ రేవులో. 1786 ఆగస్టులో ప్రభుత్వం ఆస్ట్రేలియా తూర్పు తీరంలోని బోటనీ బే పేరు ఖరారు చేసింది. 1868లో చివరి ఖైదీల ఓడ పశ్చిమ ఆస్ట్రేలియా చేరేదాకా సుమారు 1,62,000 మందిని అలా తరలించారు. వారిలో స్త్రీలు 25 వేల దాకా ఉంటారు.

ఓడలోనే బిడ్డను కన్నదంటారు కదా?

అవును. పదకొండు ఓడలు 1787 మే 13న పోర్ట్స్‌మత్ నుంచి బయలుదేరాయి. మేరీ ఎక్కిన ఓడ పేరు 'షార్లట్'. సెప్టెంబరు 8న నడిసముద్రంలో ఆడపిల్ల పుట్టింది. ఆ ఓడ పేరే పెట్టింది. నెలలు లెక్కవేస్తే, డంకర్క్ జైలు ఓడలో ఉన్నప్పుడే ఆమె గర్భవతి అని తేలుతుంది. ఆ జైలు ఓడలో ఆడవాళ్ల మీద కావలివాళ్ల దౌర్జన్యం ఎంతగా ఉండేదంటే, దాన్ని అదుపు చేయడానికి ప్రత్యేకంగా నియమాలు రాయవలసి వచ్చింది. నవంబరులో ఆఫ్రికా దక్షిణ కొసన కేప్ రేవులో ఆగినప్పుడు పాదిరి బిడ్డకు బాప్తిస్మమిచ్చాడు.

దిగీ దిగగానే పెళ్లెందుకు చేసుకుంది?

1788 జనవరి 26న సిడ్నీ కోవ్‌లో జెండా పాతారు. ఫిబ్రవరి 10న మేరీకి విలియం బ్రయంట్‌తో పెళ్లయింది. ఆ వలసలో జరిగిన తొలి పెళ్లిళ్లలో అదొకటి. విలియం కూడా కార్న్‌వాల్ వాడే, చేపలు పట్టేవాడు, అదే ఓడలో వచ్చిన ఖైదీ. చంటిబిడ్డ తల్లికి, మగవాళ్లే ఎక్కువగా ఉన్న ఆ గుడారాల ఊళ్లో, పెళ్లంటే మొదట ఒక కాపుదల. ప్రేమ ఉందా లేదా అని అడుగుతారు. ఆ పరిస్థితిలో ఆ ప్రశ్న రెండోది.

అక్కడ బతుకు ఎలా ఉండేది?

మొదట్లో మేరీకి మిగతా ఆడవాళ్లకన్నా నయంగానే గడిచింది. వల వేయడం తెలిసినవాడు ఊళ్లో విలియం ఒక్కడే అన్నంత పని. గవర్నర్ ఆర్థర్ ఫిలిప్ అతనికి సర్కారు పడవల బాధ్యత అప్పగించాడు. వేరే గుడిసె ఇచ్చాడు. పట్టిన చేపల్లో కొంత వాటా ఇచ్చాడు. 1789 ఫిబ్రవరిలో విలియం చేపలు చాటుగా అమ్ముకుంటూ దొరికిపోయాడు. వంద కొరడా దెబ్బలు కొట్టించి, గుడిసె ఖాళీ చేయించారు. అయినా వలల దగ్గర అతను లేనిదే గడవదని ఆ పనిలోనే ఉంచారు. చేతిలో పని ఉన్నవాడికి ఉండే అలుసు, అవసరం రెండూ ఇక్కడ కనిపిస్తాయి.

ఇక తిండి. అక్కడి నేల ఇంగ్లండు విత్తనాలకు లొంగలేదు. 1790 మార్చిలో వలసకు ఆసరాగా ఉన్న 'సిరియస్' అనే ఓడ నార్‌ఫోక్ దీవి దగ్గర బద్దలైంది. ఏప్రిల్ నాటికి వారానికి మనిషికి రెండున్నర పౌన్ల పిండి, రెండు పౌన్ల బియ్యం, రెండు పౌన్ల ఉప్పుపంది మాంసం. బియ్యం రెండు పౌన్లంటే కిలో కన్నా తక్కువ. పూటకు ఒక చిన్న గుప్పెడు. వాట్కిన్ టెంచ్ అనే సైనికాధికారి ఆ బియ్యం గురించి రాస్తూ, లోపలున్న పురుగుల వల్ల ప్రతి గింజా కదులుతూ ఉండేదన్నాడు. బియ్యం చెరిగి, పురుగులు ఏరిన ఇంట్లో పుట్టినవాళ్లకు ఆ మాట వివరించనక్కర్లేదు.

ఆ ఏప్రిల్‌లోనే మేరీ రెండో బిడ్డ ఇమాన్యుయెల్‌కు బాప్తిస్మం జరిగింది.

ఏడేళ్లే కదా శిక్ష. ఓపిక పట్టి ఉంటే విడుదలయ్యేది కదా?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. శిక్షకు గడువుంది కానీ తిరుగు ప్రయాణానికి ఏర్పాటు లేదు. గడువు తీరిన మగవాడు ఏదైనా ఓడలో కళాసీగా చేరి దేశం చేరుకోవచ్చు. ఆడమనిషిని ఆ పనికి తీసుకునేవాళ్లు లేరు. టికెట్టుకు డబ్బు ఎక్కడిది? కాగితం మీద ఏడేళ్లు, ఆడవాళ్లకు దాదాపు యావజ్జీవం.

ఇంకో తమాషా కూడా ఉంది. ఎవరికి ఎన్నేళ్ల శిక్ష పడిందో చెప్పే పత్రాలను ఆ మొదటి ఓడలతో పంపడం లండన్ మరిచిపోయింది. గడువు తీరిందని ఖైదీ చెప్పుకోవడమే తప్ప రుజువు లేదు. విలియంకు 1784 మార్చిలో ఏడేళ్లు పడింది. అంటే 1791 మార్చికి తీరిపోయింది. వాళ్లు పారిపోయింది సరిగ్గా ఆ మార్చి నెలలోనే.

పైగా, గడువు తీరినా భార్యాపిల్లలను అక్కడే సర్కారు మీద వదిలేసి వెళ్లకూడదని గవర్నర్ నియమం పెట్టాడు. ఇక్కడ చేసుకున్న పెళ్లి అక్కడ చెల్లదని విలియం అంటూ ఉండేవాడని ఒక అధికారి రాసుకున్నాడు. మేరీ చెవిన ఆ మాట పడకుండా ఉంటుందా? భర్త ఒంటరిగా వెళ్లిపోకుండా ఉండాలంటే ఆమె కూడా పడవ ఎక్కాలి.

ఎలా తప్పించుకున్నారు?

1790 డిసెంబరులో బటావియా నుంచి, అంటే నేటి జకార్తా నుంచి, ఆహార ధాన్యాలతో ఒక డచ్చి ఓడ వచ్చింది. దాని కెప్టెన్ డెట్మర్ స్మిట్ దగ్గర విలియం దిక్సూచి, సూర్యుణ్ణి చూసి అక్షాంశం లెక్కగట్టే క్వాడ్రెంట్, సముద్రపటం, తుపాకులు సంపాదించాడు. పిండి ఒక మూట, బియ్యం ఒక మూట, ఒక్కోటి సుమారు యాభై కిలోలు. 14 పౌన్ల పంది మాంసం. నీళ్లు ఎనిమిది గ్యాలన్లు. మన ఇళ్లకు వచ్చే ఇరవై లీటర్ల మంచినీళ్ల డబ్బాలు రెండు కూడా నిండవు, పదకొండు మందికి!

ఆ డచ్చి ఓడ ఇంగ్లండుకు బయలుదేరిన వెంటనే, 1791 మార్చి 28 రాత్రి, గవర్నర్ గారి పడవే విప్పుకుని కదిలారు. వెంటపడటానికి రేవులో సముద్రం దాటగల ఓడ ఒక్కటీ లేదు. తిథి వార నక్షత్రాలు చూసినంత జాగ్రత్తగా ఆ రాత్రిని ఎంచుకున్నారు.

పథకం మొత్తం మేరీదేనా?

ఇటీవలి కథనాల్లో ఆమెను నాయకురాలిగా నిలబెట్టడం అలవాటైంది. ఆ కాలపు రాతలు మాత్రం పడవ, పటం, బేరం అన్నీ విలియం చేతి మీదుగా నడిచాయనే చెబుతాయి. నా మటుకు నాకు ఆమెను కెప్టెన్ చేయవలసిన అవసరం కనిపించదు. ఏడాది బిడ్డను చంకనేసుకుని, మూడున్నరేళ్ల పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, మూత లేని పడవలో అన్ని రోజులు కూర్చున్న మనిషికి వేరే బిరుదెందుకు?

ఆ 69 రోజులు ఎలా గడిచాయి?

ప్రయాణంలో ఉన్న జేమ్స్ మార్టిన్ అనే ఖైదీ తర్వాత దాన్ని రాసిపెట్టాడు. వచ్చీరాని స్పెల్లింగులతో ఉన్న ఆ రాతప్రతి తత్వవేత్త జెరెమీ బెంథాం కాగితాల్లో కలిసిపోయి, లండన్ యూనివర్సిటీ కాలేజీలో భద్రంగా ఉంది. మొదటి నౌకాదళపు ఖైదీ రాసుకున్న అనుభవాల్లో మిగిలింది అదే.

రెండు రోజులు ఉత్తరంగా వెళ్లాక ఒక వాగు దగ్గర ఆగారు. అక్కడ బొగ్గు దొరికింది, నిప్పు వేస్తే బాగా మండింది. నేటి న్యూకాసిల్ బొగ్గు గనుల ప్రాంతం అదే. పడవ అతుకులు కారుతుంటే ఒడ్డుకు లాగి, చేతికందినవాటితో పూడ్చుకున్నారు. కొన్నిచోట్ల ఆదివాసులు స్నేహంగా ఉన్నారు, కొన్నిచోట్ల దిగనివ్వలేదు. వాళ్ల నేల వాళ్లది మరి.

తర్వాత గాలి పడవను నడిసముద్రంలోకి ఈడ్చుకుపోయింది. వారాల తరబడి ఒకటే వాన. పడవ తేలికపడాలని బట్టలు కూడా నీళ్లలోకి విసిరేశారు. రాత్రంతా నీళ్లు తోడిపోయడమే. అంతా తడిసి ముద్దయి నిప్పు రాజుకోలేదని, రాత్రి కాసిన్ని పచ్చి బియ్యం నమలడం తప్ప తిండి లేదని, ఆ ఆడమనిషి, ఇద్దరు పసివాళ్లు ఎంత దురవస్థలో ఉన్నారో చదివేవాళ్లే ఊహించుకోవాలని మార్టిన్ రాశాడు. మగవాళ్ల కష్టాన్ని వివరంగా చెప్పినవాడు, ఆమె దగ్గరికి వచ్చేసరికి ఊహకు వదిలేశాడు.

పగడపు దిబ్బల మధ్య దీవుల్లో తాబేళ్లు దొరికాయి. కడుపారా తిని, మిగిలిన మాంసం ఎండబెట్టి దారికి కట్టుకున్నారు. కార్పెంటేరియా సింధుశాఖ దగ్గర తెరచాపలు కట్టిన పెద్ద పడవల్లో మనుషులు తరిమారు. ఇక తీరం పట్టుకుని పోకుండా తిన్నగా నడిసముద్రానికి తిప్పి, నాలుగైదు రోజుల్లో దాన్ని దాటేశారు. జూన్ 5న తిమోర్ దీవిలో డచ్చివారి కూపాంగ్ రేవు కనిపించింది. పదకొండు మందీ ప్రాణాలతో ఉన్నారు. రెండేళ్ల ముందు, 'బౌంటీ' ఓడ తిరుగుబాటులో బయటికి గెంటబడ్డ కెప్టెన్ బ్లై కూడా చిన్న పడవలో ఇదే రేవు చేరి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు. అతని పడవలో చంటిపిల్లలు లేరు.

అంత కష్టపడి చేరాక ఎలా దొరికిపోయారు?

ఓడ మునిగి బతికి బయటపడ్డామని చెప్పారు. డచ్చి గవర్నర్ అన్నం పెట్టాడు, బట్టలిచ్చాడు, ఖర్చు బ్రిటిష్ సర్కారు ఖాతాలో రాయించుకున్నాడు. కొన్నాళ్లు హాయిగానే గడిచింది. గుట్టు ఎలా బయటపడిందో రెండు రకాలుగా చెబుతారు. మీ కెప్టెన్ వచ్చాడని ఎవరో అంటే, మాకు కెప్టెనెవరని ఒకడు నోరు జారాడని, తర్వాత అక్కడికి చేరిన 'పాండోరా' ఓడ వైద్యుడు జార్జ్ హామిల్టన్ రాశాడు. విలియం భార్యతో గొడవపడి, తన మీద, ఆమె మీద, పిల్లల మీద, అందరి మీద తానే వెళ్లి చెప్పేశాడని మార్టిన్ రాశాడు. మార్టిన్ అక్కడే ఉన్నవాడు, అతని మాటకే నేను ఎక్కువ విలువిస్తాను. ఆ సెప్టెంబరులో, బౌంటీ తిరుగుబాటుదారులను పట్టుకుని వస్తూ తన ఓడనే పోగొట్టుకున్న కెప్టెన్ ఎడ్వర్డ్స్ కూపాంగ్ చేరాడు. వీళ్లనూ సంకెళ్లు వేసి బటావియాకు తీసుకెళ్లాడు.

పిల్లలేమయ్యారు?

బటావియా విషజ్వరాలకు పేరుపడ్డ ఊరు. 1791 డిసెంబరు 1న ఇమాన్యుయెల్ చనిపోయాడు. మూడు వారాల తర్వాత, 22న, విలియం. అక్కడి నుంచి సాగిన ప్రయాణంలో మరో ముగ్గురు పోయారు. వారిలో జేమ్స్ కాక్స్ సుందా జలసంధిలో నీళ్లలో పడిపోయాడు.

మిగిలినవాళ్లను కేప్ రేవులో 'గోర్గన్' అనే ఓడ ఎక్కించారు. అందులో సిడ్నీ నుంచి ఇంటికి తిరిగి వెళుతున్న సైనికులున్నారు. వారిలో టెంచ్ ఒకడు. షార్లట్ ఓడలో మేరీతో పాటే వచ్చినవాడు. వీళ్లను చూసినప్పుడల్లా జాలి, ఆశ్చర్యం రెండూ కలిగేవని రాశాడు. ఉక్కకు తట్టుకోలేక ఆ ఓడలో పిల్లలు ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. 1792 మే 6న లెఫ్టినెంట్ రాల్ఫ్ క్లార్క్ తన డైరీలో, పడవలో పారిపోయిన మేరీ బ్రాడ్ బిడ్డ చనిపోయిందని, శవాన్ని సముద్రంలో వదిలామని, అక్షాంశంతో సహా రాసుకున్నాడు. భూమధ్యరేఖకు ఐదు డిగ్రీల ఉత్తరాన. సముద్రంలో పుట్టిన షార్లట్ సముద్రంలోనే పోయింది. నాలుగేళ్ల ఎనిమిది నెలలు.

పారిపోతే ఉరే కదా, ఎందుకు తీయలేదు?

చట్టం ప్రకారం తీయవచ్చు. కానీ అప్పటికే పత్రికలు వీళ్ల కథ రాశాయి, జనం కళ్లు చెమర్చాయి. బతికి వచ్చిన ఐదుగురినీ పాత శిక్ష గడువు తీరేదాకా న్యూగేట్ జైల్లో ఉంచమని మాత్రం కోర్టు చెప్పింది. లండన్‌లో అందరూ నరకమనే ఆ జైలు, తాము పడ్డ పాట్లతో పోలిస్తే స్వర్గమని వీళ్లు అన్నట్టు అప్పటి పత్రికల్లో వచ్చింది.

జేమ్స్ బాస్వెల్‌తో సంబంధమేమిటి?

ఇంగ్లీషు రచయిత శామ్యూల్ జాన్సన్ జీవితచరిత్ర రాసి పేరు పొందిన లాయరు. హోం మంత్రి హెన్రీ డండాస్ అతనికి చదువుకున్న రోజుల నుంచీ తెలుసు. ఉత్తరం మీద ఉత్తరం రాసి, 1793 మే 2న మేరీకి క్షమాభిక్ష ఇప్పించాడు. మిగతా నలుగురి కోసమూ పోరాడాడు, వాళ్లు నవంబరులో బయటికొచ్చారు. లండన్‌లో ఆమెకు గది చూసిపెట్టాడు, ఏడాదికి పది పౌండ్లు ఇస్తానన్నాడు. బాస్వెల్ ఆడవాళ్ల విషయంలో మంచి పేరున్నవాడు కాదు కాబట్టి స్నేహితులు వెక్కిరించారు, ఒకాయన ఏకంగా ఎగతాళి పద్యం కట్టాడు. వాళ్ల మధ్య ఏదో ఉందనడానికి ఆ వెక్కిరింపులు చాలవు.

మన కాలాపానీ లాంటిదేనా ఇది?

ఒకే చెట్టు కొమ్మలు. ఈస్టిండియా కంపెనీ భారతీయ ఖైదీలను సుమత్రాలోని బెంకూలెన్‌కు పంపడం మొదలుపెట్టింది కూడా 1787లోనే. తర్వాత తెలుగు జిల్లాలున్న మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి కూడా మలయా తీరానికి ఖైదీల ఓడలు వెళ్లాయి. అండమాన్ శిక్షాస్థావరం 1858లో వచ్చింది. మనకు ద్వీపాంతరం అనగానే రాజకీయ ఖైదీలే గుర్తొస్తారు. ఓడల్లో ఎక్కువగా వెళ్లింది మేరీ లాంటి పేరులేని మామూలు నేరస్థులు.

చివరికి ఆమె ఏమైంది?

1793 అక్టోబరు 12న లండన్‌లో ఫోయ్ వెళ్లే ఓడ ఎక్కింది. ఎక్కే ముందు, ఆ రాత్రే బాస్వెల్ రేవుకు వెళ్లి ఆమెతో కూర్చున్నాడు. బంధువులు ఎలా చూస్తారోనని ఆమె దిగులుగా ఉందని రాసుకున్నాడు. ఐదు వేల కిలోమీటర్ల సముద్రానికి వెరవని మనిషి సొంత ఊరి గుమ్మానికి వెరిచింది. కొన్నాళ్లు డబ్బు అందింది. 1795లో బాస్వెల్ చనిపోయాడు, ఇంటివాళ్లు ఆ సొమ్ము ఆపేశారు. అక్కడితో ఆమె పేరు కాగితాల నుంచి మాయమవుతుంది.

ఆమె సొంతంగా రాసినదేమైనా ఉందా?

లేదు, ఆమెకు రాయడం రాదు. మనకు తెలిసినదంతా సైనికులు, లాయర్లు, గుమాస్తాలు, తోటి ఖైదీ మార్టిన్ రాసినవే.

ఆమె చేతి నుంచి వచ్చిన వస్తువు మాత్రం ఒకటుంది. సిడ్నీ చుట్టుపక్కల అడవుల్లో పాకే ఒక తీగ ఆకులను వలసవాళ్లు టీ లాగా కాచుకుని తాగేవారు. తియ్యగా ఉండేది, 'తీపి టీ' అనేవారు. మేరీ కాసిన్ని ఎండుటాకులు తెచ్చి బాస్వెల్‌కు ఇచ్చింది. బోటనీ బే నుంచి వచ్చిన, టీగా వాడే ఆకులని కాగితం మీద రాసి ఆయన దాచుకున్నాడు. వంద ఏళ్లు దాటాక ఐర్లండులోని ఒక కోటలో ఆయన కాగితాలతో పాటు అవీ బయటపడ్డాయి. కొన్ని అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి, రెండు ఆకులు సిడ్నీలోని మిచెల్ గ్రంథాలయానికి తిరిగి చేరాయి.

పడవ తేలికపడాలని కట్టుబట్టలు కూడా సముద్రంలోకి విసిరిన రోజున, ఆ ఆకులు ఆమె ఎక్కడ దాచుకుందో.